గృహిణీ గోష్ఠి: రైలుబండి కుదుపు



దూరప్రయాణము తలపెట్టినప్పుడు ఇంటి పురుషులు బండి వేళను, రుసుమును విచారింతురు. ఒడిలో పసిబిడ్డయు, ప్రక్కను నడుమునొప్పితో అత్తగారును, చేత అన్నపు క్యారేజీయు గల స్త్రీకి వేఱొక విచారము కూడ నుండును. ఆ బండి మెల్లగా సాగునా, ఎత్తి పడవేయునా యని. ఒకే దూరమును ఒకే వేళకు పోవు రెండు బండ్లలో నొకదానియందు చెంబులోని నీరు తొణకదు; మఱియొకదానియందు పెదవి కందించిన నీరు చీరపాలగును. ఈ భేద మెందువలన వచ్చుచున్నదో తెలిసికొన్నచో, మన చేతనైన జాగ్రత్తలు మనము పడవచ్చును. ఈ మాసము దానిని గూర్చియే ముచ్చటింపదలచితిని.

మా వేంకటగిరికోటకు రైలుమార్గము లేదు. ఆంధ్ర, కర్ణాట, తమిళ దేశములు మూడును చేరువగు మూల మాది. మా సంతలో మూడు భాషలును వినవచ్చును. రైలెక్కవలెనన్నచో కుప్పమునకో, కనుమ దిగి పేర్ణంబట్టు మీదుగా గుడియాత్తమునకో, పడమరగా బంగారుపేటకో బస్సులో పోవలెను. ఈ మూడు స్టేషనులును చెన్నపట్టణమునుండి బెంగళూరునకు బోవు నొకే మార్గముపై నున్నవి. దక్షిణదేశమున మొట్టమొదటి రైలు 1856వ సంవత్సరము జూలై 1వ తేదీని రాయపురమునుండి వాలాజా రోడ్డు వఱకు నడచినది. 1864 నాటికి జోలార్‌పేటనుండి బెంగళూరు దండు వఱకు పట్టాలు వచ్చినవి. మదనపల్లె సోదరీమణులకు పాకాలనుండి ధర్మవరమునకు బోవు మార్గము గలదు. అందలి స్టేషను ఊరికి దూరమున నుండుటచే దానికి మదనపల్లె రోడ్డను పేరు వచ్చినది. పుంగనూరువారు మావలెనే బస్సెక్కి రైలును వెదకికొనవలసినవారు.

రైళ్లు రాకమున్ను పల్లకీయే గొప్పవారి దూరయానము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేఱి, కాశికి పోయి, మరల 1831లో ఇల్లు చేరిరి. ఆ యాత్రాచరిత్ర మన భాషలో వెలసిన గొప్ప ప్రయాణగ్రంథము. పల్లకీలోని సుఖము బోయీల భుజములనుబట్టి, అడుగుల పొందికనుబట్టి యుండెడిది. ఒకని యడుగు తప్పినచో లోపలివారికి తెలియకపోదు. రైలుబండిలోని సుఖమును అట్టిదే. భుజములకు బదులు ఉక్కుచుట్టలు వచ్చినవి, అడుగులకు బదులు చక్రములు వచ్చినవి. అంతియే కాని, మోయువారి పొందికయే లోపలివారి సుఖమను ధర్మము మాఱలేదు.

మొదట దారిని చూతము. పట్టాల నడుమ వెడల్పు ఎక్కువైన కొలది బండి ప్రక్కకు ఊగుట తగ్గును. వెడల్పైన పీటమీది బిందెకును, ఇఱుకు పీటమీది బిందెకును గల భేదము మనకు చెప్పనక్కఱలేదు. కుప్పము మార్గమున పట్టాల నడుమ 1,676 మిల్లీమీటర్ల యెడమున్నది. పాకాల ధర్మవరముల మార్గము పూర్వము 1,000 మిల్లీమీటర్ల మీటరు గేజి. తరువాత దానిని వెడల్పు చేసిరి. బంగారుపేటనుండి కోలారునకు 1913లో వేసిన చిన్నబండి మార్గము 762 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు ఇరువదవ శతాబ్ది చివర వెడల్పు మార్గమైనది. ఆ చిన్నబండి నెక్కిన పెద్దవారు దాని యూపును నేటికిని నవ్వుచు చెప్పుకొందురు.

పూర్వపు రైలుప్రయాణమనగానే మన చెవులలో మెదలునది 'టకటక, టకటక' యను చప్పుడు. అది పట్టాల అతుకుల చప్పుడు. మన దేశమున నొక్కొక్క పట్టా సుమారు 13 మీటర్ల పొడవున నుండెడిది. రెండింటి నడుమ సన్నని సందు విడిచి, ఇరుప్రక్కల ఉక్కుపలకలు పెట్టి మఱలతో బిగించెడివారు. సందెందులకు? ఎండకు ఉక్కు పొడవగును. బండిచక్రమునకు ఇనుపకమ్మి తొడుగు కమ్మరి దానిని నిప్పులలో కాల్చి, పెరిగినప్పుడు తొడిగి, నీరు చల్లి బిగించుట మన మెఱిగినదే. పట్టా వేడి 40 డిగ్రీలు పెరిగినచో 13 మీటర్ల పట్టా 6 మిల్లీమీటర్ల వఱకు సాగును. ఆ సాగుటకు చోటు లేనిచో పట్టా వంకరపోవును. కాని ప్రతి సందులోను చక్రము చిన్నదిగా దిగి యెక్కును. ఆ దెబ్బ పట్టాకొనను నలుగగొట్టును. క్రింది కంకరను అణచును. అణగినచోట మఱింత లోతుగా దిగును. గుమ్మముకడ నేల అరిగిన కొలది బిందె అక్కడనే తగులుచుండునట్లు, కుదుపునుండి కుదుపు పుట్టుచుండెడిది.

పిల్లలతో పోవునప్పుడు ఈ చప్పుడుతో నొక ఆట ఆడవచ్చును. అతుకుల దారిలో 47 సెకనులలో ఎన్ని అతుకులు దాటితిమో లెక్కించినచో, ఆ సంఖ్యయే గంటకు బండి పోవు కిలోమీటర్ల వేగము. ఒక్కొక్క చట్రమునకు రెండేసి చక్రజతలుండుటచే ప్రతి అతుకునకును జంటగా చప్పుడు వినవచ్చును. ఆ జంటను ఒకటిగా లెక్కింపవలెను. పరుగెత్తు రథమునుండియే చెట్టు ఆకులను, కాయలను లెక్కపెట్టిన ఋతుపర్ణుని కథను కూడ అప్పుడు పిల్లలకు చెప్పవచ్చును. మా పిల్లలు ఆ కథను, లెక్కను కలిపి నేర్చుకొనిరి.

అయితే నేడు ప్రధానమార్గములలో ఈ ఆటకు చోటు తగ్గినది. పట్టాలను కరగించి అతికి, కిలోమీటర్ల పొడవున ఏకముగా చేయుచున్నారు. కావుననే నేటి ప్రయాణము నిశ్శబ్దముగా నున్నది. మఱి ఎండకు సాగవలసిన ఉక్కు ఏమైనది? అది సాగగోరుచునే యుండును. బరువైన కాంక్రీటు దిమ్మలును, వానిని కఱచి పట్టిన కొక్కెములును, క్రిందను ప్రక్కలను పోసిన కంకరయు దానిని సాగనీయవు. సగటు వేడిమియందు బిగించుటచే వేసవిలో పట్టా లోలోపల నొత్తుకొనుచు, చలికాలమున లోలోపల లాగుకొనుచు నుండును. పైకి చప్పుడు లేనంతమాత్రమున లోపల బాధ లేదనరాదు. దీని సంగతి చివర మరల చెప్పెదను.

ఇక చక్రము. రైలుచక్రము గాజువలె సమముగా నుండదు. లోపలి యంచున కొంచెము పెద్దదై, వెలుపలికి పోనుపోను సన్నగిలును. ఎందులకో తెలిసికొనుటకు ఇంటనే పరీక్షింపుడు. రెండు కాగితపు గ్లాసుల మూతులు కలిపి అతికింపుడు. రెండు కఱ్ఱలను సమానమైన యెడముతో, కొంచెము వాలుగా పెట్టి, వానిపై దొర్లింపుడు. ఒక ప్రక్కకు ఒరిగినను తనంతట సర్దుకొని నడుమకు వచ్చును. అడుగులు కలిపి అతికినచో క్షణములో పడిపోవును. రైలుబండి మలుపులలోను, తిన్నని దారిలోను నడుమ నిలుచుటకు ఈ వాలే ముఖ్యకారణము. కాని గుణములోనే దోషమున్నది. సర్దుకొనునప్పుడు చక్రము కొంచెము అవతలికి పోవును; మరల ఇవతలికి వచ్చును. వేగము హెచ్చినప్పుడు, చక్రము అరిగినప్పుడు ఈ పాముపోక పెరిగి, పెట్టె ప్రక్కలకు కొట్టుకొనును. తిన్నని దారిలోను బండి ఊగుటకు ఇదియొక కారణము.

చక్రమునకును మనకును నడుమ ఉక్కుచుట్టలు, నూనెతో నిండిన గొట్టములు ఉన్నవి. చుట్ట దెబ్బను మ్రింగును. గొట్టము చుట్ట యెగిరిపడుటను అణచును. చుట్ట యొక్కటియే యున్నచో ఒక దెబ్బకు పదిమారులు ఊయెలలూగవలసి వచ్చును. చెన్నపట్టణమున పెరంబూరులో 1955లో నెలకొల్పిన పెట్టెల కర్మాగారమున స్విట్జర్లండువారి సాయముతో చేసిన పెట్టెలే దేశమంతట అనేక దశాబ్దములు మనలను మోసినవి. తరువాత జర్మనీ పద్ధతి పెట్టెలు వచ్చినవి, వానిని ఎల్.హెచ్.బి. యందురు. 2018లో పాతపద్ధతి పెట్టెల నిర్మాణము నిలిచినది. క్రొత్తపెట్టె పాతదానికంటె రెండు మీటర్లకు పైగా పొడవు. పాముపోకను అణచు ప్రత్యేకపు గొట్టములు దానికున్నవి. వందే భారతు బండ్లకు ఉక్కుచుట్టలతోపాటు గాలిసంచులును ఉన్నవి. చెన్నపట్టణమునుండి మైసూరునకు 2022 నవంబరులో ఆరంభించిన అట్టి బండి మన కుప్పము పట్టాలమీదనే పోవుచున్నది.

క్రొత్తపెట్టెలో ప్రక్కయూపు తగ్గినను, ముందు వెనుకల కుదుపు హెచ్చినదని ప్రయాణికులు చాలకాలము మొఱపెట్టుకొనిరి. దానికి కారణము పెట్టెలను కలుపు కొక్కెము. పాతపెట్టెల నడుమ మఱగొలుసుతోపాటు ఇరుప్రక్కల అణుగుడు దిమ్మలుండును. అవి యొకదాని నొకటి ఒత్తుకొనియుండును. క్రొత్తవానికి నడుమనే పెద్ద కొక్కెము. ప్రమాదమున పెట్టెలు ఒకదానిపై నొకటి ఎక్కకుండుటకు అది మిక్కిలి మేలు. అయితే దానిలోని చుట్టలలో నున్న కొంచెపు ఆట, ఇరువది పెట్టెలు కలియునప్పటికి, బయలుదేఱునప్పుడును ఆగునప్పుడును గుంజుగా తెలియును. దీనిని తగ్గించుటకు రైల్వేవారు ఆ భాగమును మార్చుచు వచ్చిరి. కావున బండి కదలబోవునప్పుడును, స్టేషను సమీపించునప్పుడును పాలగ్లాసు చేత పట్టరాదు, పసివానిని నిలువబెట్టరాదు. ఈ ఒక్క నియమము పాటించినచో సగము అపాయములు తప్పును.

మలుపుల సంగతియు చెప్పవలెను. జోలార్‌పేట దాటి పచ్చూరు, మల్లానూరుల మీదుగా కుప్పమునకు వచ్చునప్పుడు దారి కొండలనడుమ మెలికలు తిరుగుచు మా పీఠభూమి కెక్కును. మలుపులో బండి వెలుపలికి ఒరగకుండ వెలుపలి పట్టాను ఎత్తుగా వేయుదురు. ఎంత ఎత్తు? వేగముగా పోవు మెయిలుకు తగినంత ఎత్తు వేసినచో, మెల్లగా ప్రాకు గూడ్సుబండి లోపలికి వాలును. గూడ్సుకు తగినట్లు వేసినచో మెయిలులోని మనము వెలుపలికి తూలుదుము. ఒకే దారిలో రెండును పోవలెను గనుక నడిమి కొలత పెట్టుదురు. మలుపులో పై పడకనున్నవారికి కలుగు తూలు క్రిందనున్నవారికంటె హెచ్చు. చెట్టు మొదలు ఊగదు, కొన ఊగును.

ఈ సుఖదుఃఖములకు కొలత గలదా యని అడుగుదురేమో. కలదు. 1940 ప్రాంతమున జర్మనీలో స్పెర్లింగు అను నతడు పెట్టె యదురును శరీరమున కగు బాధతో ముడివెట్టి ఒక సంఖ్యను కల్పించెను. 1 అనగా అదురు కొంచెము తెలియును. 2 అనగా స్పష్టముగా తెలియును. 2.5 అనగా హెచ్చుగా తెలియును గాని కష్టముగా నుండదు. 3 అనగా బలముగా, క్రమము లేక యుండును; అయినను ఓర్చుకొనదగును. 3.5 అనగా చాలసేపు ఓర్చుకొనరానిది. పాతపెట్టెలకు 3.25 వఱకు ఒప్పుకొన్నచోట, క్రొత్తవానికి 2.5 నుండి 2.75 లోపల నుండవలెనని నియమించిరి. అంకెలలో స్వల్పమైన ఈ భేదము, అస్సాములోని డిబ్రూగఢునుండి మన విశాఖ, విజయవాడ, కాట్పాడిల మీదుగా కన్యాకుమారికి 4,000 కిలోమీటర్లకు మించి మూడుదినములకు పైగా పోవు వివేక్ ఎక్స్‌ప్రెస్సు వంటి బండిలో మోకాళ్లకును, నడుమునకును బాగుగా తెలియును.

శరీరము అన్ని కుదుపులను ఒకేరీతిగా ఓర్చుకొనదు. నిలువు అదురులలో సెకనుకు నాలుగు మొదలు ఎనిమిదిమార్లు వచ్చునవి కడుపును, వెన్నును ఎక్కువ బాధించును. ప్రక్కయూపులలో సెకనుకు ఒకటి రెండుమార్లు వచ్చునవి కష్టము. వాంతిని తెచ్చునవి ఈ రెండును గావు. అయిదు సెకనుల కొకమారు వచ్చు మందమైన ఊపు దానికి మూలము. సముద్రమున ఓడయు, కనుమలో బస్సును అట్టి ఊపు నిచ్చును. పేర్ణంబట్టు కనుమలో కొంగు నోటి కడ్డము పెట్టుకొను ఆడపడుచులు, రైలెక్కగానే నిమ్మళించుటకు హేతు విదియే. రైలు అదరును గాని, బస్సంత మెల్లగా త్రిప్పదు.

ఈ విషయమంతయు నేను విచారించుటకు కారణము మా పొరుగింట నడచిన వాదము. ఆ యింటి అమ్మాయి కాపురము విజయవాడలో. తొలిచూలు, ఏడవ నెల. పురిటికి పుట్టింటికి తీసికొని రావలెను. "రైలు కుదుపునకు కడుపు నిలువదమ్మా, మా కాలమున ఒకతెకు అట్లే అయినది" అని బామ్మగారు పట్టుపట్టిరి. తండ్రి కారు పంపెదననెను. తల్లి నా యొద్దకు వచ్చి, "వదినా, మీరు నాలుగు పుస్తకములు చదివినవారు, ఏది మేలో చెప్పుడు" అనెను. బామ్మగారి భయము తోసిపుచ్చదగినది కాదు. ఆ కాలమున పురిటికి పోయి తిరిగిరాని వారెందఱో. అట్టి దుఃఖమును చూచిన కన్నులకు ప్రతి కుదుపును మృత్యువువలెనే కనబడును.

నేను చెప్పినది ఇది. మొదట అమ్మాయిని చూచుచున్న వైద్యురాలి నడుగవలెను. ఆరోగ్యవతియైన గర్భిణికి 36 వారములలోపల ప్రయాణము సామాన్యముగా నిషిద్ధము కాదని నేటి వైద్యుల మతము; రక్తస్రావము, రక్తపుపోటు, కవలలు మొదలగునవి యున్నచో ఆ మాట వర్తింపదు. పెట్టె యదురు దానంతట గర్భమునకు చేటు చేయునని భయపడుటకంటె, కదలుచున్న బండిలో మరుగుదొడ్డికి పోవుచు తూలిపడుటకు భయపడవలెను. అపాయ మక్కడ నున్నది. ఒకరు తోడుగా పోవలెను. ఒక చేయి ఎల్లప్పుడు కమ్మిని పట్టియుండవలెను. ఇక గంటల తరబడి కదలక కూర్చుండుట కాళ్లలో నెత్తురు గడ్డకట్టుటకు కారణము కాగలదు. కారులో కాళ్లు ముడుచుకొని పదిగంటలు కూర్చుండుటకంటె, రైలులో పండుకొని, లేచి నాలుగడుగులు వేయుట మేలు. బండి నిలిచియున్నప్పుడే ఆ నాలుగడుగులు వేయవలెను. మరుగుదొడ్డికి వెఱచి నీరు త్రాగుట మానరాదు.

వైద్యురాలు సరే యనెను. అమ్మాయి రైలులోనే వచ్చెను. "రాత్రి బాగుగనే నిద్రపట్టినదత్తా, కుప్పమునుండి మన యూరికి వచ్చునప్పుడే నడుము విఱిగినట్లైనది" అని ఆమె నాతో చెప్పెను. ఆ మాట విని బామ్మగారు "రోడ్డువేసినవానికి ఆడబిడ్డలు లేరు కాబోలు" ననిరి.

పడకను ఎన్నుకొనుటలో చేయదగిన పని కొంత గలదు. పెట్టెను మోయు చక్రముల చట్రములు రెండు చివరల దగ్గఱ నుండును. వానికి సరిగా పైనున్నవారికి ప్రతి దెబ్బయు సూటిగా తగులును. నడుమనున్నవారికి రెండు దెబ్బలును సగము సగమై వచ్చును. కావిడిబద్ద నడుమ భాగము భుజముపై నిలుకడగా నుండి, కొనలు ఊగునట్లే యిది. 72 పడకల పెట్టెలో 33 మొదలు 40 వఱకు గలవియు, 80 పడకల పెట్టెలో 33 మొదలు 48 వఱకు గలవియు నడిమి పడకలు. అందును 33, 36, 41, 44 వంటి క్రింది పడకలు శ్రేష్ఠము. టిక్కెట్టు కొనునప్పుడు ఈ సంఖ్యనే యిమ్మని కోరుట సామాన్యముగా కుదరదు. క్రింది పడక కావలెనని వ్రాయవచ్చును. 60 ఏండ్లు నిండిన పురుషులకును, 45 ఏండ్లు నిండిన స్త్రీలకును, గర్భవతులకును క్రింది పడకలలో కొన్ని ప్రత్యేకముగా నుంచియున్నారు. తక్కినది సాటి ప్రయాణికులతో నయముగా మాటలాడి మార్చుకొనుటలో నున్నది. మన తెలుగు స్త్రీకి ఆ నేర్పు కొఱవడదు.

ఇంకొక చిన్న విషయము. పెట్టెలోని పెద్ద పడకలు దారికి అడ్డముగా నుండును; ప్రక్కదారి పడకలు దారివెంబడి నిలువుగా నుండును. పెద్ద పడకమీద పండుకొన్నవారిని ప్రక్కయూపు తలనుండి కాళ్లవైపు జరుపును. బండి ఆగునప్పటి గుంజు ప్రక్కకు దొర్లించును. ప్రక్కదారి పడకపై దీనికి విరుద్ధము. కావున క్రింది పడకపై చిన్నబిడ్డను పరుండబెట్టినప్పుడు, గోడవైపు ఒదిగించి, తల్లి నడవవైపు పండుకొనవలెను. నడుమునొప్పి గలవారు మోకాళ్లక్రింద దుప్పటిని మడచి పెట్టుకొన్నచో నిలువు అదురు వెన్నునకు తగులుట తగ్గును. తల త్రిప్పువారు బండి పోవు దిక్కునకు ముఖముంచి, కిటికీలోనుండి దూరపు కొండలను చూడవలెను. దగ్గఱి స్తంభములను చూడరాదు, పుస్తకము చదువరాదు. వేపుడులు, నేతివంటలు ఆ దినమున మాని, పెరుగన్నము, ఊరుబిండి చాలును.

దమయంతి మేడమీదనుండి రథధ్వని విని, "ఇది నలుడు తోలు రథము" అని పోల్చెను. మహాభారతమున అరణ్యపర్వమున ఆ ఘట్టమును చదివినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచుండెడిది. గుఱ్ఱములు ఋతుపర్ణునివి, రథము ఋతుపర్ణునిది. ధ్వని మాత్రము తోలువానిది. రైలునందును నేర్పరియైన డ్రైవరు బండిని కదలించిన తీరు పండుకొన్నవారికి తెలియును. కాని రైలుకు నలు డొక్కడు చాలడు. దారిని కాచువారు వేలకొలది కావలెను.

పట్టా లోలోపల నొత్తుకొనుచుండునని పైన చెప్పితిని గదా. నడివేసవి మధ్యాహ్నమున ఆ యొత్తిడి మితిమీఱి పట్టా ప్రక్కకు వంగకుండునట్లు, ఎండలో దారివెంబడి నడచి చూచువారున్నారు. చలికాలపు రాత్రులలో పట్టా లాగుకొని పగులకుండ, పగిలినచో బండి రాకమున్నే తెలియజేయుటకు, దీపము చేతబట్టి నడచువారున్నారు. ప్రతిదినమును తన వంతు దారిని నడచి, సడలిన కొక్కెమును సుత్తితో బిగించు కీమాను ఉన్నాడు. కంకరను బిగించుటకు నేడు పెద్ద యంత్రములు వచ్చినవి. అయినను పార, పలుగు చేతబట్టినవారి పని తీరలేదు. వారిలో స్త్రీలును ఉన్నారు. చీరపై నారింజరంగు చొక్కా తొడిగి, గమేళాతో కంకర మోయువారిని కుప్పము దారిలో నేను చూచితిని. వంగి పనిచేయుచుండగా వెనుకనుండి వచ్చు బండి తగిలి ప్రాణములు కోల్పోయినవారును ఆ కొలువులో కలరు. పూర్వము చప్పుడు చేయుచు వచ్చు బండి నేడు మెత్తగా, వేగముగా వచ్చుచున్నది. మన కెంత సుఖమో, దారిపై నున్న వారికి అంత అపాయము.

కావున మన బండి ఏదో యొకచోట నిష్కారణముగా మెల్లగా నడచినప్పుడు విసుగుకొనుట తగదు. దారి బాగుచేయుచున్నచోట వేగము తగ్గింపుమని బోర్డు పెట్టియుందురు. ఆ పది నిమిషముల ఆలస్యము క్రిందనున్నవారి ప్రాణములకును, పైనున్న మన నడుములకును రక్ష. అట్టిచోట కిటికీలోనుండి అరటితొక్కలు, సీసాలు విసరివేయుట మహాపాపము. అవి పోయి ఎవరి తలపై పడునో తెలియదు. పిల్లలకు ఈ నియమమును మొదటి ప్రయాణముననే నేర్పవలెను.

మీ మీ మార్గములలో ఎచ్చట కుదుపు హెచ్చుగా నున్నదో, ముసలివారిని, పసివారిని తీసికొనిపోవుటలో మీ రనుసరించు ఉపాయము లేవో వ్రాసి పంపుడు. పదుగురికి పనికివచ్చువానిని రాబోవు సంచికలలో ప్రకటింతును.